మీటర్ బ్రిడ్జితో తెలియని నిరోధం కనుక్కోవడం: స్క్రూ బిగించడం దగ్గర్నించి రికార్డు రాసేదాకా

ఇంటర్ సెకండియర్ ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయంటే చాలు, అందరూ అడిగేది ఒకటే: "బ్యాలెన్స్ పాయింట్ రావట్లేదు, ఏం చెయ్యాలి?" ఫార్ములా అందరికీ నోటికి వచ్చు, సర్క్యూట్ బొమ్మ కళ్ళు మూసుకుని గీసేస్తారు, తీరా బల్ల దగ్గర నిలబడితే గాల్వనోమీటర్ (సన్నటి కరెంటుని చూపించే మీటరు) ముల్లు కదలదు, కదిలితే ఒకవైపే కదులుతుంది. పదింట తొమ్మిదిసార్లు తప్పు జాకీ (వైరు మీద ఆనించే లోహపు మొన ఉన్న పిడి) పట్టుకున్న చేతిలో ఉండదు, అంతకు ముందే ఎక్కడో ఒక స్క్రూ వదులుగా ఉంటుంది. అందుకే ఇక్కడ బ్యాలెన్స్ పట్టడం గురించి కంటే దానికి ముందు చెయ్యాల్సిన పని గురించే ఎక్కువ రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

1. అసలు ఏం కొలుస్తున్నాం

సరిగ్గా 100 సెం.మీ. పొడవున్న ఒకే మందం వైరు, మాంగనిన్‌దో కాన్‌స్టంటాన్‌దో, స్కేలు పక్కన లాగి బిగించి ఉంటుంది. పైన మందపాటి రాగి లేదా ఇత్తడి పట్టీలు, వాటి మధ్య రెండు గ్యాపులు. ఒక గ్యాపులో మనకి తెలియని వైరు, ఇంకో గ్యాపులో రెసిస్టెన్స్ బాక్స్, అంటే తెలిసిన నిరోధాలున్న పెట్టె. జాకీ వైరు మీద ఎక్కడ ఆనిస్తే గాల్వనోమీటర్ ముల్లు కదలదో అదే బ్యాలెన్స్ పాయింట్, పుస్తకం భాషలో శూన్య బిందువు.

తెలియని వైరు ఎడమ గ్యాపులో పెడితే:

తెలియని నిరోధం = బాక్స్ నిరోధం × ఎడమ పొడవు ÷ (100 − ఎడమ పొడవు)

ఇందులో బ్యాటరీ వోల్టేజి ఎక్కడా లేదు చూడండి. సెల్ కొంచెం నీరసపడినా జవాబు మారదు, ముల్లు కదలిక మాత్రం తగ్గుతుంది. మరి మల్టీమీటర్ పెట్టి కొలిచేస్తే పోలేదా అని అడుగుతారు కొందరు. నాలుగైదు ఓమ్‌ల వైరుకి మామూలు మల్టీమీటర్ తీగల నిరోధం కూడా కలిసిపోతుంది, తీగలు రెండూ ఒకదానికొకటి ఆనించి చూడండి, సున్నా చూపించదు చాలావాటిలో. అందుకే బ్రిడ్జి.

2. బల్ల మీదకి ఏమేం తెచ్చుకోవాలి

- మీటర్ బ్రిడ్జి, జాకీ
- రెసిస్టెన్స్ బాక్స్ (1 నుంచి 10 ఓమ్‌ల దాకా ప్లగ్గులు ఉన్నది చాలు)
- మధ్యలో సున్నా ఉన్న గాల్వనోమీటర్
- 2 వోల్టుల ఎలిమినేటర్ (బ్యాటరీ బదులు కరెంటు ప్లగ్‌కి పెట్టేది), లేదా ఒక డ్రై సెల్, లేదా లెక్లాంచి సెల్
- ప్లగ్ కీ
- గాల్వనోమీటర్‌కి వరసలో పెట్టడానికి ఓ పెద్ద నిరోధం
- తెలియని వైరు, ఒక మీటరుకి పైన ఓ నాలుగు సెంటీమీటర్లు ఎక్కువగా
- స్క్రూ గేజి
- గరుకు కాగితం, అంటే శాండ్‌పేపర్ ముక్క
- కనెక్షన్ వైర్లు, పొట్టివీ లావువీ

ఈ లిస్టులో పిల్లలు వదిలేసేది శాండ్‌పేపరే, అదొక్కటీ జేబులో వేసుకు వెళ్ళండి, ల్యాబ్‌లో దొరక్కపోవచ్చు.

3. గీకడం, బిగించడం

ఇదే అసలు పని, పది నిమిషాలు పోయినా ఫర్వాలేదు.

ముందు ప్రతి కనెక్షన్ వైరు రెండు కొసలూ శాండ్‌పేపర్‌తో రాగి మెరిసేదాకా గీకండి. పట్టీల మీదుండే టెర్మినల్ స్క్రూల కింద పచ్చగా చిలుము పడితే అదీ గీకెయ్యండి. కొలవాల్సిన వైరుకి ఎనామిల్ పూత ఉంటే కొసల్లో పూత మొత్తం పోవాలి, పైకి కనపడదు గానీ పూత మీద స్క్రూ బిగిస్తే కరెంటు వెళ్ళదు.

వైరుని స్క్రూ చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టండి, అప్పుడు స్క్రూ బిగించేకొద్దీ వైరు లోపలికి వెళ్తుంది. అటు తిప్పి చుడితే బిగించేకొద్దీ బయటికి జారుతుంది, ఇది ఎవరూ చెప్పరు, చేతులు కాలాక తెలుస్తుంది.

రెసిస్టెన్స్ బాక్స్ సంగతి ఇంకాస్త జాగ్రత్త. అందులో ప్లగ్ తీస్తేనే నిరోధం సర్క్యూట్‌లోకి వస్తుంది, ప్లగ్ పెడితే ఆ నిరోధం పక్కకి పోతుంది. అంటే మీరు లెక్కపెట్టాల్సింది బయటికి తీసిన ప్లగ్గులు, లోపలున్నవి కాదు. తియ్యని ప్లగ్గులన్నిటినీ కొంచెం నొక్కి తిప్పి బిగించండి. ఒక్క ప్లగ్ వదులుగా ఉన్నా 3 ఓమ్‌లు అనుకున్నది మూడున్నర అవుతుంది, ముట్టుకున్నప్పుడల్లా మారుతుంది. నేను చదువుకునే రోజుల్లో ఒక పరీక్షలో సరిగ్గా ఇందుకే గంట పోగొట్టుకున్నాను, మూడు రీడింగులు మూడు రకాలుగా వస్తుంటే జాకీని తిట్టుకుంటూ కూర్చున్నాను, ఆఖరికి ల్యాబ్ అటెండర్ వచ్చి ఏమీ మాట్లాడకుండా ప్లగ్గులన్నీ ఒక్కోటీ తిప్పి వెళ్ళాడు, అంతే, కుదిరిపోయింది.

4. కనెక్షన్ల వరస

బొమ్మ చూసి ఎక్కడపడితే అక్కడ మొదలుపెట్టకండి, ఈ వరసలో చేస్తే మర్చిపోయే ఛాన్స్ తక్కువ.

1) తెలియని వైరు ఎడమ గ్యాపులో. స్క్రూల మధ్య ఉన్న భాగం సరిగ్గా 100 సెం.మీ. ఉండాలి, స్క్రూ కిందకి వెళ్ళిన కొసలు లెక్కలోకి రావు. వైరు మెలికల్లో ఒక చుట్టు ఇంకో చుట్టుకి తగలకూడదు.

2) రెసిస్టెన్స్ బాక్స్ కుడి గ్యాపులో, పొట్టి లావు వైర్లతో. పొడవాటి సన్న వైర్లు వాడితే వాటి నిరోధం బాక్స్ లెక్కలో కలిసిపోతుంది.

3) బ్యాటరీ, ప్లగ్ కీ వరసగా కలిపి బ్రిడ్జి రెండు చివరి టెర్మినల్స్‌కి. కీ ప్లగ్ ఇప్పుడే పెట్టొద్దు.

4) మధ్య పట్టీ మీది టెర్మినల్ నుంచి గాల్వనోమీటర్‌కి, అక్కడ్నించి పెద్ద నిరోధం మీదుగా జాకీకి.

ఇంతే. లెక్చరర్‌కి ఒకసారి చూపించి అప్పుడు కీ పెట్టండి.

5. రెండు చివరల టెస్ట్

బ్యాలెన్స్ వెతికే ముందు ఇది చెయ్యకపోతే మిగతాదంతా గుడ్డిలో వెతుకులాటే. బాక్స్‌లో 5 ఓమ్‌ల ప్లగ్ తీసి, కీ పెట్టి, జాకీని వైరు ఎడమ చివర ఒక్క క్షణం ఆనించండి, ముల్లు ఎటు పోయిందో చూడండి. ఎత్తి కుడి చివర ఆనించండి. ముల్లు రెండోవైపుకి పోవాలి. పోయిందా, మీ సర్క్యూట్ బాగుంది, ఆరో మెట్టుకి వెళ్ళిపోండి.

పోలేదా, అప్పుడు అన్నీ పీకి మళ్ళీ మొదటినించీ కలపకండి. ముల్లే చెప్తుంది తప్పు ఎక్కడుందో.

రెండు చివర్లా ముల్లు అసలు కదలకపోతే: బ్యాటరీ వైపైనా తెగింది, గాల్వనోమీటర్ వైపైనా తెగింది. మల్టీమీటర్ వోల్టులలో పెట్టి బ్రిడ్జి రెండు చివరి టెర్మినల్స్ మధ్య చూడండి. వోల్టేజి ఉంటే తప్పు గాల్వనోమీటర్, పెద్ద నిరోధం, జాకీ తీగల్లో ఉంది. లేకపోతే సెల్‌లోనో కీలోనో ఉంది.

ఎడమ చివర ముల్లు సున్నా దగ్గరే ఉండి, కుడికి జరిగేకొద్దీ ఒకేవైపు పెరుగుతుంటే: కుడి గ్యాపు తెగింది. బాక్స్ కనెక్షన్ చూడండి. బాక్స్‌లో కొన్నిటికి అనంతం అని ఓ ప్లగ్ ఉంటుంది, అది పొరపాటున తీసేసి ఉంటారు, నూటికి సగంమంది అదే చేస్తారు. ఎడమ గ్యాపు రెండు స్క్రూలూ ఏ లోహానికో తగిలి, కరెంటు వైరులోంచి పోకుండా షార్టయినా ఇదే కనపడుతుంది.

కుడి చివర సున్నా, ఎడమకి వచ్చేకొద్దీ ఒకేవైపు పెరుగుతుంటే: ఎడమ గ్యాపు తెగింది, ఎనామిల్ గీకడం మర్చిపోయారేమో చూడండి. లేదంటే బాక్స్‌లో ఒక్క ప్లగ్ కూడా తియ్యలేదు, నిరోధం సున్నా.

గుర్తుపెట్టుకోవడం తేలిక: ముల్లు ఏ చివర సున్నా అయితే దానికి ఎదుటి గ్యాపు తెగినట్టు. ఎందుకంటే రెండో దారి లేనప్పుడు మధ్య పట్టీ పొటెన్షియల్ కలిసి ఉన్న చివరతో సమానమైపోతుంది.

6. బ్యాలెన్స్ పట్టడం

జాకీని నిలువుగా పట్టుకోండి. ఆనించండి, చూడండి, ఎత్తండి, జరపండి, మళ్ళీ ఆనించండి. వైరు మీద ఆనించి అలాగే ఈడ్చుకుంటూ పోకూడదు, గీక్కుపోయిన చోట వైరు సన్నబడుతుంది, తర్వాత ఎన్ని బ్యాచులొచ్చినా ఆ బ్రిడ్జి సరైన జవాబివ్వదు. ఈ ప్రయోగం మొత్తం వైరు మందం అంతటా ఒకటేనన్న నమ్మకం మీదే నడుస్తుంది.

ముందు కీ, తర్వాత జాకీ. తీసేటప్పుడు ముందు జాకీ, తర్వాత కీ. చుట్టలా చుట్టిన వైరుంటే కరెంటు మొదలైన క్షణంలో ముల్లు ఉత్తినే ఎగురుతుంది, కీ ముందు పెడితే జాకీ ఆనించేసరికి అది సర్దుకునిపోయి ఉంటుంది.

50 దగ్గర ఆనించి మొదలుపెట్టండి. ముల్లు ఎడమ చివర ఎటు పోయిందో అటే పోతే బ్యాలెన్స్ ఇంకా కుడివైపు ఉంది. ఇలా నాలుగైదు తాకుళ్ళలో రెండు సెంటీమీటర్ల లోపలికి వచ్చేస్తారు. అప్పుడు పెద్ద నిరోధం తీసెయ్యండి, ఇప్పుడు ముల్లు బాగా చురుగ్గా కదులుతుంది, మిల్లీమీటరు మిల్లీమీటరు జరుపుతూ చూడండి.

బ్యాలెన్స్ 40కి 60కి మధ్య రావాలి, పోనీ 30 నుంచి 70 లోపు. ఇది ఎవరో పెట్టిన రూలు కాదు, లెక్క ఉంది. పొడవు చదవడంలో 1 మి.మీ. తప్పు చేశారనుకోండి, 50 దగ్గర జవాబులో 0.4 శాతం తేడా వస్తుంది, 10 దగ్గర అదే మిల్లీమీటరుకి 1.1 శాతం, 5 దగ్గర 2 శాతం దాటుతుంది. బ్యాలెన్స్ ఓ మూలకి పోతే బాక్స్ నిరోధం మార్చండి. ఎటు మార్చాలి? బ్యాలెన్స్ ఎప్పుడూ నిరోధం తక్కువున్న వైపుకే జరుగుతుంది. తెలియని వైరు ఎడమ ఉండి బ్యాలెన్స్ 15 దగ్గర వచ్చిందంటే బాక్స్‌లో ఎక్కువైంది, తగ్గించండి.

ఇంకో మాట. ముల్లు మొదట్నించే సున్నా గీత మీద లేకుండా ఒక గీత పక్కన ఉంటే కంగారుపడకండి. జాకీ ఆనించినప్పుడు ముల్లు అక్కడే కదలకుండా ఉంటే అదే బ్యాలెన్స్. సున్నా మీదకి రప్పించాలని చూస్తే తప్పు పొడవు రాసుకుంటారు.

రీడింగ్ రాశాక కీ తీసెయ్యండి. బ్రిడ్జి వైరు నిరోధం కొద్ది ఓమ్‌లే, అందులోంచి కరెంటు బాగానే పోతుంది, ఊరికే వదిలేస్తే సెల్ నీరసపడుతుంది, వైర్లు వేడెక్కి నిరోధం కూడా మారుతుంది. బ్రిడ్జికి మాంగనిన్, కాన్‌స్టంటాన్ వాడేదే వేడికి వాటి నిరోధం దాదాపు మారదని, కానీ మీరు కొలిచే వైరు అలాంటిదే అయ్యుండాలని లేదుగా.

7. గ్యాపులు తారుమారు చెయ్యడం

మూడు రీడింగులు అయ్యాక తెలియని వైరుని కుడి గ్యాపులోకి, బాక్స్‌ని ఎడమలోకి మార్చి అవే మూడు నిరోధాలతో మళ్ళీ చెయ్యండి. టైం లేదని దీన్ని వదిలేసేవాళ్ళు చాలామంది. వదలొద్దు. వైరు చివర్లు పట్టీలకి అతికిన చోట కొంచెం నిరోధం ఉంటుంది, స్కేలు సున్నా వైరు మొదలు దగ్గరే సరిగ్గా ఉండకపోవచ్చు, అవి ఒకసారి జవాబుని పెంచితే తారుమారు చేసినప్పుడు తగ్గిస్తాయి, సగటు తీస్తే చాలావరకు పోతాయి.

తారుమారు చేశాక ఫార్ములా కూడా తిరగబడుతుందని మర్చిపోకండి: తెలియని నిరోధం = బాక్స్ నిరోధం × (100 − ఎడమ పొడవు) ÷ ఎడమ పొడవు.

8. లెక్క ఎలా వేస్తారో ఓ నమూనా

28 గేజి కాన్‌స్టంటాన్ వైరు, పొడవు 100 సెం.మీ. తీసుకున్నాం అనుకుందాం.

తెలియనిది ఎడమ ఉన్నప్పుడు:
- బాక్స్ 3 ఓమ్‌లు, ఎడమ పొడవు 59.5 → 3 × 59.5 ÷ 40.5 = 4.41
- బాక్స్ 4 ఓమ్‌లు, ఎడమ పొడవు 52.3 → 4 × 52.3 ÷ 47.7 = 4.39
- బాక్స్ 5 ఓమ్‌లు, ఎడమ పొడవు 46.7 → 5 × 46.7 ÷ 53.3 = 4.38

తెలియనిది కుడి ఉన్నప్పుడు:
- 3 ఓమ్‌లు, 40.4 → 3 × 59.6 ÷ 40.4 = 4.43
- 4 ఓమ్‌లు, 47.6 → 4 × 52.4 ÷ 47.6 = 4.40
- 5 ఓమ్‌లు, 53.2 → 5 × 46.8 ÷ 53.2 = 4.40

ఆరింటి సగటు 4.40 ఓమ్‌లు. ఎడమ పెట్టినప్పుడు కొంచెం తక్కువ, కుడి పెట్టినప్పుడు కొంచెం ఎక్కువ వచ్చాయి చూడండి, ఏడో మెట్టులో చెప్పింది ఇదే. ఆరూ అచ్చు ఒకే అంకె వచ్చాయంటే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కి అనుమానం వస్తుంది, ఇంట్లో వండుకొచ్చిన రీడింగులు అలాగే ఉంటాయి మరి.

9. స్క్రూ గేజి దగ్గర పోయేది ఎక్కువ

విశిష్ట నిరోధం కూడా అడిగితే వైరు వ్యాసార్ధం కావాలి. ఫార్ములా: నిరోధం × పై × వ్యాసార్ధం వర్గం ÷ పొడవు.

బ్రిడ్జి దగ్గర మిల్లీమీటరు కోసం అంత కష్టపడ్డాం కదా, ఇక్కడ చూడండి. స్క్రూ గేజి కనీసపు కొలత 0.01 మి.మీ., మన వైరు వ్యాసం 0.38 మి.మీ. ఒక్క గీత తేడా వస్తే అది 2.6 శాతం, వర్గం చేస్తాం కాబట్టి జవాబులో 5 శాతం పైనే. అంటే బ్రిడ్జి మీద చేసే తప్పుకి పదింతలు. అయినా అందరూ వ్యాసం ఒక్కచోట చూసి రాసేస్తారు.

- గేజి మూసి చూడండి. మూసినప్పుడే తల స్కేలు 3 గీతలు చూపిస్తే ప్రతి రీడింగులోంచీ 3 తీసెయ్యాలి. 97 చూపిస్తే సున్నాకి 3 తక్కువ, కాబట్టి 3 కలపాలి.
- వెనకాల రాచెట్ పట్టుకునే తిప్పండి, టిక్ టిక్ అనగానే ఆపండి. గట్టిగా బిగిస్తే వైరు నలుగుతుంది.
- వైరు పొడవునా ఐదు చోట్ల, ప్రతిచోటా ఒకసారి నిలువుగా ఒకసారి అడ్డంగా.
- పూత ఉన్న వైరైతే పూత గీకిన చోటే కొలవండి.

వ్యాసం 0.38 మి.మీ. అంటే వ్యాసార్ధం 0.19 మి.మీ., అడ్డుకోత వైశాల్యం 1.134 × 10⁻⁷ చదరపు మీటర్లు. దాన్ని 4.40తో గుణించి 1 మీటరుతో భాగిస్తే 4.99 × 10⁻⁷ ఓమ్-మీటర్. కాన్‌స్టంటాన్‌కి పుస్తకాల్లో ఉండేది 4.9 × 10⁻⁷ చుట్టుపక్కల, కాబట్టి బానే ఉంది. మీ జవాబు సరిగ్గా నాలుగింతలు వస్తే వెతకక్కర్లేదు, వ్యాసాన్నే వ్యాసార్ధం అనుకుని వేసేశారు.

10. వైరు చివర్ల సవరణ (ఎండ్ కరెక్షన్), డిగ్రీవాళ్ళకి

ఇంటర్‌కి తారుమారు చాలు. ఇంకా కచ్చితంగా కావాలంటే చివర్లలో అదనంగా ఎన్ని సెంటీమీటర్ల వైరు ఉన్నట్టు లెక్కో కనుక్కోవచ్చు. రెండు గ్యాపుల్లోనూ తెలిసిన నిరోధాలే పెట్టండి: ఎడమ 10 ఓమ్‌లు, కుడి 1 ఓమ్. బ్యాలెన్స్ 91.1 వచ్చిందనుకోండి. తారుమారు చేస్తే 8.8 వచ్చింది.

ఎడమ సవరణ = (1 × 91.1 − 10 × 8.8) ÷ (10 − 1) = 3.1 ÷ 9 = 0.34 సెం.మీ.
కుడి సవరణ = (10 × 91.1 − 1 × 8.8) ÷ (10 − 1) − 100 = 0.24 సెం.మీ.

ఇక్కడ మాత్రం కావాలనే బ్యాలెన్స్‌ని మూలకి తోస్తున్నాం, ఎందుకంటే చివర్ల దోషం బాగా కనపడేది అక్కడే. ఆ తర్వాత అసలు ప్రయోగంలో ఎడమ పొడవుకి 0.34, కుడి పొడవుకి 0.24 కలిపి లెక్క వెయ్యండి. ఒక ఓమ్ కంటే బాగా తక్కువ నిరోధం కొలవాలంటే మాత్రం ఈ సవరణా సరిపోదు, కనెక్షన్ల నిరోధమే కొలవాల్సినదాన్ని మింగేస్తుంది, దానికి కేరీ ఫాస్టర్ బ్రిడ్జి వేరే ఉంది.

11. మధ్యలో వచ్చే చిక్కులు

బ్యాలెన్స్ దగ్గర అర సెంటీమీటరు జరిపినా ముల్లు కదలట్లేదు: పెద్ద నిరోధం తియ్యడం మర్చిపోయారు, లేదా సెల్ అయిపోయింది.

ఒకేచోట రెండుసార్లు ఆనిస్తే రెండు రకాలు చూపిస్తుంది: వదులు ప్లగ్, లేదా జాకీ తీగ లోపల తెగి తగులుతూ తగలకుండా ఉంది. జాకీ తీగ కదిపి చూడండి.

బాక్స్ 3, 4, 5 పెట్టినప్పుడు జవాబు క్రమంగా పెరుగుతూనో తగ్గుతూనో బాగా పోతోంది, అంటే 4.1, 4.4, 4.7 అలా: బాక్స్‌లో మీరనుకున్నది కాని ప్లగ్ ఏదో బయటుంది, తేడా ఇంతకంటే చాలా ఎక్కువైతే కుడి ఎడమ పొడవులు ఫార్ములాలో తిప్పి వేశారు.

ఎడమ కుడి జవాబుల మధ్య పది శాతం తేడా: ఏదో ఒకవైపు టెర్మినల్ వదులు. మళ్ళీ మూడో మెట్టుకి.

12. లేచే ముందు

- కీ ప్లగ్ తీసి పక్కన పెట్టారా
- సెల్ వైరు ఒకటి విప్పారా
- బాక్స్ ప్లగ్గులన్నీ వాటి చోట్లో పెట్టారా
- పొడవులన్నీ ఒక దశాంశం దాకా, 52 కాకుండా 52.0 అని, రాశారా
- ఏ గ్యాపులో ఏముందో ప్రతి పట్టిక పైన రాశారా
- స్క్రూ గేజి సున్నా దోషం విడిగా రాశారా

వైవాలో తరచూ అడిగే ఓ ప్రశ్న: బ్యాలెన్స్ అయ్యాక గాల్వనోమీటర్ చోట బ్యాటరీ, బ్యాటరీ చోట గాల్వనోమీటర్ పెడితే ఏమవుతుంది? బ్యాలెన్స్ అక్కడే ఉంటుంది. నమ్మకం లేకపోతే టైం మిగిలినప్పుడు మార్చి చూడండి, కాకపోతే అప్పుడు బ్యాటరీ కరెంటంతా జాకీ వైరు మీద ఆనిన ఆ ఒక్క చుక్కలోంచే పోతుంది, అక్కడ నిప్పురవ్వ లేచి వైరు పాడవ్వకుండా ముట్టించి వెంటనే ఎత్తెయ్యాలి.